ఇంటి పనుల మధ్య దేవుడు ఎక్కడ దొరుకుతాడు? మీ ఇంట్లో జరిగింది చెప్పండి

ఉద్దానం కోడలు (కవిటి దగ్గర)

అందరికీ వందనాలు. ఇక్కడ చాలా కాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మా పుట్టిల్లు టెక్కలి వైపు, బాప్టిస్టు సంఘం. రాత్రి అన్నాలయ్యాక నాన్న కీర్తన ఎత్తుకుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవాళ్లం. పెళ్లయి వచ్చింది ఉద్దానానికి. అత్తమామలు క్రైస్తవులు కాదు. మావారు నాతో చర్చికి వస్తారు గానీ ఏడాదిలో ఎక్కువ కాలం చెన్నైలోనే పని. పిల్లలిద్దరూ బడికి వెళ్తారు. మామయ్యగారికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి పలాస తీసుకెళ్లేది నేనే. నాలుగు గంటలు మిషన్ మీద, ఆపైన రాకపోకలు, ఆ రోజు ఇక అంతే.

ఆయనకు రోజు మొత్తానికి ముప్పావు లీటరు నీళ్లే. పొద్దున్నే సీసాలో కొలిచి పెడతాను. టీ తాగితే ఆ మేరకు తగ్గించాలి, చారు పోసుకున్నా తగ్గించాలి. మరీ దాహమేస్తే చిన్న ఐసు ముక్క నోట్లో పెట్టుకుంటారు. ఆయన కొబ్బరి రైతు. 2018లో తిత్లీ తుపాను సగం తోటను పడగొట్టింది, మిగిలిన చెట్లు బాగానే కాస్తున్నాయి. అయినా పొటాషియం ఎక్కువని కొబ్బరినీళ్లు ఆయన ముట్టకూడదు. దింపు రోజున గెలల పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంటారు. కూలీలకు బొండాలు కొట్టి ఇమ్మని నాకు పురమాయిస్తారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రాత్రి పదింటికి బైబిలు తెరిస్తే రెండు వచనాలకే కళ్లు మూతపడుతున్నాయి. ఉపవాస ప్రార్థనకు వెళ్లి ఎన్నాళ్లయిందో. సంఘంలో సాక్ష్యాలు వింటుంటే ఒకరు కొండమీద ప్రార్థనలో దేవుణ్ణి కలుసుకున్నామంటారు, ఒకరు మూడు రోజుల ఉపవాసంలో అంటారు. నాకు గిన్నెలు, మందులు, ఆటో, ఆసుపత్రి తప్ప ఏమీ లేదు. ఈ ఇంట్లో, ఈ పనుల్లో దేవుడు ఉన్నాడా? ఉంటే ఎలా తెలుస్తుంది? నన్ను ఓదార్చమని కాదు, మీ ఇళ్లల్లో జరిగిన సంగతులు రాయండి.

పాలకొండ మాస్టారు

అమ్మా, వందనాలు. రిటైరైన ఉపాధ్యాయుణ్ణి, మా సంఘంలో డీకన్‌ని. నా మనసులో ఉన్నది చెప్తాను.

ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయం తీసి చూడమ్మా. దేవుని మాటలు పిల్లలకు ఎప్పుడు నేర్పాలో అక్కడ ఉంది. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. ఆ పట్టికలో దేవాలయం పేరే లేదు. ఇశ్రాయేలీయులకు ఆరాధనకు ప్రత్యక్ష గుడారం ఉంది, యాజకులు ఉన్నారు. అయినా నేర్పే చోటు మాత్రం ఇల్లూ దారీ.

మన జిల్లాల్లో సువార్త నడిచిన తీరు కూడా అంతే. 1805లో లండన్ మిషన్ వాళ్లు విశాఖపట్నంలో దిగారు. తర్వాత కెనడియన్ బాప్టిస్టులు శ్రీకాకుళం, బొబ్బిలి, పాలకొండ, టెక్కలి వైపు పనిచేశారు. దొరల పేర్లు పుస్తకాల్లోకెక్కాయి. కానీ ఇళ్లలోకి వెళ్లి ఆడవాళ్ల పక్కన కూర్చున్నది బైబిల్ ఉమెన్. మా నాయనమ్మకు అక్షరాలు నేర్పింది అలాంటి ఒకావిడే. నాయనమ్మ వడ్లు దంచుతుంటే ఆవిడ గుమ్మంలో కూర్చుని చదివేదట. ఏ వచనం విని నమ్మిందో నాయనమ్మ చెప్పలేకపోయేది. "ఆవిడ రోజూ వచ్చేది" అనేది, అంతే.

పౌలు తిమోతికి రాస్తూ అతని విశ్వాసం మొదట ఎవరిలో ఉందో చెప్తాడు: అవ్వ లోయి, తల్లి యునీకే. ఆ ఇద్దరూ ఏ ఊళ్లో ఏ ప్రసంగం చేశారో బైబిల్లో ఎక్కడా లేదు. ఇంట్లో ఉన్నారు, పిల్లవాడు చూశాడు.

మందస యూత్

సిస్టర్, ప్రైజ్ ద లార్డ్. మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే ఒక సంగతి అడుగుతున్నాను.

"పనే ప్రార్థన" అనుకోవడం మొదలుపెడితే కొన్నాళ్లకు పని మిగులుతుంది, ప్రార్థన పోతుంది. మా ఇంట్లో, మా స్నేహితుల ఇళ్లల్లో చూస్తున్నాను. వ్యాపారం దేవుని పనే అంటారు, ఆదివారం కొట్టు తెరుస్తారు. యేసుప్రభువే ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థించాడు, మార్కు 1:35. లూకా 10లో ప్రభువు ఇంటికొస్తే అక్క మార్తకు వంట పని ఉంది, చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింది. ఉత్తమమైనది ఎవరు ఎంచుకున్నారో ప్రభువే చెప్పాడు. సిస్టర్‌కి బరువు ఎక్కువని ఒప్పుకుంటాను. అందుకే కూర్చునే సమయం ఇంకా ఎక్కువ కావాలి కదా? అరగంటైనా ఆయన కోసమే పక్కన పెట్టకపోతే లోపల ఎండిపోతాం.

బొబ్బిలి అక్క

తమ్ముడూ, ఆ అరగంట ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా రాయాలి నువ్వు.

నేను టీచర్ని. మా ఇంట్లో పదకొండు మందిమి. క్రిస్మస్ ముందు గృహ కూటాలు మా ఇంట్లో పెడితే ముందు గదిలో వాక్యం, వెనక వసారాలో మేం. మైకులో మరియ గురించి చెప్తుంటే మేం పులిహోర కలుపుతూ వినేవాళ్లం. ఒకసారి ప్రసంగం మార్త మీదే. మా చిన్నత్త చెంపలమీద కన్నీళ్లు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. ఎందుకమ్మా అంటే "నాకూ కూచోవాలని ఉందే" అంది.

ఆ భాగాన్ని నేను చాలాసార్లు చదివాను. వంట చేసినందుకు ప్రభువు మార్తను గద్దించలేదు. అనేక పనుల గురించి ఆందోళన పడుతున్నావన్నాడు. ఆ సాయంత్రం అన్నం అందరూ తినే ఉంటారు కదా! మార్త అడిగింది కూడా తప్పేం కాదు, ఒక్కదాన్నే చేస్తున్నాను, సాయం చెయ్యమను అంది. మన ఇళ్లల్లో ఆ మాట ఎవరైనా వింటున్నారా?

ఇంకోటి. "సేవే ప్రార్థన" అన్న మాట కోడళ్లకే ఎందుకు చెప్తారు? పేతురు మొదటి పత్రిక 3:7 భర్తలకు రాసింది. భార్యను సన్మానించకపోతే మీ ప్రార్థనలకు ఆటంకం వస్తుందని అందులో ఉంది. అంటే ఇంట్లో ఆడమనిషి ఒంటరిగా అరిగిపోతుంటే మగాడి ఉపవాసం కూడా పైకి వెళ్లదన్నమాట. ఈ వచనం మీద ప్రసంగం నేను ఒక్కసారే విన్నాను. మా తోటికోడలు విన్న రోజునుంచి మా మరిది గిన్నెలు కడుగుతున్నాడు, ఆవిడ అలా చదివి వినిపించింది మరి.

చెల్లీ ఉద్దానం, నీ ఇంట్లో దేవుడున్నాడు, నాకేం సందేహం లేదు. అయితే నీకు సాయం కూడా కావాలి. రెండూ నిజమే.

కళింగపట్నం గాలి

మాది వేటకెళ్లే కుటుంబం. నాన్న తరం దాకా పడవ, నేను ఇప్పుడు సెల్ రిపేరు షాపు.

నాకు యోహాను 21 అంటే ప్రాణం. రాత్రంతా వల వేసినా ఏమీ పడలేదు వాళ్లకి. మా ఇంట్లో అలాంటి పొద్దులు తెలుసు. ఆ పొద్దున నాన్న ఎవరితోనూ మాట్లాడడు, అమ్మ ఏమీ అడగదు. లేచిన ప్రభువు ఒడ్డున నిలబడి ఏం చేస్తున్నాడు? నిప్పులు రాజేసి, వాటిమీద చేపలు పెట్టి, రొట్టె సిద్ధం చేసి ఉంచాడు. మరణాన్ని గెలిచి వచ్చినవాడు కట్టెలు ఏరి నిప్పు చేశాడు! పేతురుతో పెద్ద మాట మాట్లాడాలి, తెలుసు. ముందు రండి భోంచేయండన్నాడు. ఆ మాట చదివినప్పుడల్లా మా అమ్మే గుర్తొస్తుంది. తడిసి వచ్చినవాణ్ణి లెక్కలు అడగదు, ముందు చోడి అంబలి గిన్నె చేతికిస్తుంది.

2018 నవంబరులో గుజరాత్ వేరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కినవాళ్లలో మన జిల్లాల మత్స్యకారులు ఉన్నారని మీకు గుర్తుండే ఉంటుంది. 2020 జనవరి దాకా రాలేదు వాళ్లు. ఆ కాలమంతా మా అమ్మ, ఇంకొందరు ఆడవాళ్లు సాయంత్రాలు ఒకరింట్లో కూడేవారు. మైకు లేదు, పాస్టర్‌గారు అప్పుడప్పుడే వచ్చేవారు. పాటలు రానివాళ్లు కూడా వచ్చేవాళ్లు, వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లే ఎక్కువ. వాళ్ల మాటల్లో సగం బియ్యం గురించి, పిల్లల ఫీజుల గురించే. అది ప్రార్థనా కాదా అని మందస తమ్ముడు అడుగుతాడేమో. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను తమ్ముడూ, ఆయన అక్కడున్నాడు.

సాలూరు మరియ బిడ్డ

మేం ఆర్.సి.ఎం. వాళ్లం, అంటే కేథలిక్కులం. మా వైపు నుంచి ఒక మాట.

ప్రభువు బోధ మొదలుపెట్టినప్పుడు దాదాపు ముప్పై ఏళ్లవాడని లూకా రాశాడు. ఆ ముప్పై ఏళ్లలో పన్నెండేళ్లప్పుడు దేవాలయంలో తప్పిపోయిన ఒక్క సంగతి తప్ప బాల్యం దాటాక ఇంకేమీ లేదు. నజరేతుకు వెళ్లి తల్లిదండ్రులకు లోబడి ఉన్నాడు, అంతే. ఊళ్లోవాళ్లకు ఆయన వడ్లవాడుగానే తెలుసు. లోకాన్ని రక్షించడానికి వచ్చినవాడు ఎక్కువ కాలం చెక్క చిత్రిక పట్టాడు, ఇంటికి కావలసింది తెచ్చాడు. ఆ ఏళ్లు వృథా కావని మా అమ్మ గట్టిగా నమ్మేది.

అమ్మకు చదువు లేదు. జపమాల ఎప్పుడూ కొంగుకు ముడేసి ఉండేది. సంతకు నడిచి వెళ్తూ ఒక రహస్యం, వస్తూ ఒక రహస్యం (జపమాలలో ఒక్కో భాగాన్ని రహస్యం అంటాం). మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆగి మాట్లాడి మళ్లీ మొదలుపెట్టేది. అక్కా, మిషన్ పక్కన కూర్చునే ఆ నాలుగు గంటలు మీకూ ఉన్నాయి కదా. అక్కడ పుస్తకం తెరవక్కర్లేదు, నోటికొచ్చిన కీర్తన చాలు.

పాలకొండ మాస్టారు

మందస తమ్ముడు చెప్పింది తీసేయదగ్గ మాట కాదు. మార్కు మొదటి అధ్యాయమే ఇంకొంచెం వెనక నుంచి చదువుదాం. చీకటితో లేచి ప్రార్థించడం 35వ వచనం. ముప్పయ్యో వచనంలో ప్రభువు ఎక్కడున్నాడు? సీమోను ఇంట్లో. సీమోను అత్తగారు జ్వరంతో పడి ఉంది. ఆయన దగ్గరకెళ్లి చెయ్యి పట్టుకుని లేవనెత్తాడు. సాయంత్రమయ్యాక ఊరంతా ఆ గుమ్మం ముందే ఉంది. మర్నాడు తెల్లవారకముందే ఏకాంతం. రోగి చెయ్యి పట్టుకున్నదీ ఆయనే, ఒంటరిగా ప్రార్థించిందీ ఆయనే. ఏకాంతం లేకుండా ఆ చేతికి ఓపిక రాదు. నేనైతే తమ్ముడి మాటను అలా తీసుకుంటాను.

ఉద్దానం కోడలు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. బొబ్బిలి అక్కా, మీ చిన్నత్తగారి మాట చదివి చాలాసేపు ఏడ్చాను.

ఇంకో సంగతి ఉంది. మొన్న ఒకరు మా ఇంటికొచ్చి ప్రార్థన చేసి, వెళ్లేటప్పుడు గుమ్మంలో నాతో "ఈ ఇంట్లో విగ్రహాలున్నాయి కాబట్టే ఈ జబ్బు, ఇది శాపం" అన్నారు. మామయ్యగారు లోపలి నుంచి విన్నారు. ఆ రోజు అన్నం తినలేదు. దీనికి నేనేం చెప్పాలి?

పాలకొండ మాస్టారు

యోహాను తొమ్మిదో అధ్యాయం. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి ఎవరు పాపం చేశారు, వీడా వీడి కన్నవాళ్లా అని శిష్యులు అడిగారు. వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదని ప్రభువు తేల్చేశాడు. ఆ ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు అది. మనం ఇంకో జవాబు వెతకకూడదు.

ఉద్దానంలో ఈ జబ్బు కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస వైపు ఎన్ని ఇళ్లలో ఉందో అందరికీ తెలుసు. చర్చికి వెళ్లేవాళ్లకూ వచ్చింది, గుడికి వెళ్లేవాళ్లకూ వచ్చింది. పొలంలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకు ఎక్కువగా వచ్చింది. నీళ్లా, ఎండా, మందులా, ఇంకేమైనానా అని శాస్త్రవేత్తలు ఏళ్లుగా వెతుకుతూనే ఉన్నారు. అలాంటి ఇంటికి వెళ్లి శాపం అనే మాట వదిలి రావడం చాలా క్రూరమైన పని. మీ మామగారి దగ్గర కూర్చుని చెప్పమ్మా, మా ప్రభువు అలా అనలేదని. ఆ అధ్యాయం ఆయనకు చదివి వినిపించినా సరే.

గంటస్తంభం దగ్గర

నేను క్రైస్తవుణ్ణి కాదు, మా ఆవిడ క్రైస్తవురాలు. ఆమె చూపిస్తే ఈ చర్చ చదివాను. అనుమతిస్తే నాలుగు మాటలు.

మాది విజయనగరం. ఏటా సిరిమానోత్సవానికి మా ఇల్లు బంధువులతో కిటకిటలాడుతుంది. పెళ్లయిన కొత్తలో మావాళ్లంతా భయపడ్డారు, ఈ పిల్ల పైడితల్లి అమ్మవారి పండక్కి ఏం చేస్తుందో అని. ఆమె పూజలో కూర్చోదు. ఆ సంగతి మా అమ్మకు ముందే చెప్పింది, గొంతు పెంచకుండా. కానీ వచ్చిన ప్రతి ఒక్కరి విస్తరి దగ్గరా తనే ఉంటుంది. ముసలివాళ్లకు వేణ్ణీళ్లు, పిల్లలకు పాలు, ఎవరికి ఏం పడదో అన్నీ గుర్తు.

మా అమ్మకు చివరి రోజుల్లో మంచంలోనే అన్నీ. సొంత కూతుళ్లు ముక్కు మూసుకున్న పని మా ఆవిడ చేసింది. ఒకనాడు అమ్మ నన్ను పిలిచి "దాని దేవుణ్ణి ఎప్పుడూ ఏటీ అనకురా" అంది. నేను చర్చికి వెళ్లడం లేదు, వెళ్తానని కూడా ఇప్పుడు చెప్పలేను. కానీ మా ఇంట్లో ఆమె నమ్మేవాడు ఉన్నాడని నాకు తెలుసు. ఉద్దానం చెల్లెమ్మకు చెప్పేది ఒకటే, నువ్వు చేసేది ఆ మంచం మీద ఉన్నాయనకు కనిపిస్తూనే ఉంటుంది.

బొబ్బిలి అక్క

అన్నయ్యగారూ, మీరు రాసినందుకు చాలా సంతోషం. మీ ఆవిడకు మా అందరి వందనాలు చెప్పండి. మాటలతో కాకుండా నడవడితోనే ఇంట్లోవాళ్లకు తెలుస్తుందని పేతురు రాశాడు, మీ ఇంట్లో అది జరిగింది.

అంబత్తూరు నుంచి

నాది పాతపట్నం వైపు, చెన్నైలో కంపెనీ పని. ఉద్దానం సిస్టర్ మాటలు వింటే మా ఆవిడ గుర్తొచ్చింది. దూరంగా ఉన్న మగవాళ్లకు ఒకటి చెప్పాలి. మేం రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్‌లో ప్రార్థన చేస్తాం. పది నిమిషాలే. ఒక కీర్తన, ఒక చిన్న భాగం, పిల్లలు ఒక్కొక్క మాట. ఒక్కోసారి సిగ్నల్ పోతుంది, ఆమెన్ మర్నాడు చెప్పుకుంటాం. ముందైతే ఫోన్ చేస్తే డబ్బులు, ఫీజులు, గొడవలు ఇవే మాటలు. ఇప్పుడు ఆ పది నిమిషాల్లో మా చిన్నది బళ్లో జరిగిందంతా దేవుడికి చెప్తుంటే ఇంటి సంగతులు నాకు తెలుస్తున్నాయి. సిస్టర్, మీవారితో ఇలా మొదలుపెట్టి చూడండి. పిల్లల్ని కూర్చోబెట్టే బాధ్యత ఆయనకే ఇవ్వండి, ఫోన్లోంచి అయినా పిలవగలరు. ఆ కాసేపు మీరు ఊరికే కూర్చోండి.

ఉద్దానం కోడలు

ఇది బాగుంది బ్రదర్. ఈరోజే అడిగాను, సరేనన్నారు.

మాస్టారూ, తొమ్మిదో అధ్యాయం మామయ్యగారికి చదివాను. గుడ్డివాడి కళ్లకు బురద రాసే చోట ఆపి, "మట్టితోనా?" అని అడిగారు. అవునన్నాను. "రైతు పనే" అన్నారు. ఇంకేం అనలేదు, కానీ ఆ పూట అన్నం తిన్నారు.

అత్తయ్యగారి సంగతి కూడా చెప్పాలి. డయాలసిస్ ముందు రోజు రాత్రి ఆమె దీపం పెడుతుంది, నేను నా గదిలో ప్రార్థన చేసుకుంటాను. ఇన్నాళ్లూ ఆమె దారి ఆమెది, నా దారి నాది. నిన్న రాత్రి తనే తలుపు దగ్గరకొచ్చి "ఓలమ్మా, నీ పుస్తకంలోది ఓ ముక్క సదువు, ఆయనకి నిద్ర పట్టనేదు" అంది. నూట ఇరవై ఒకటో కీర్తన చదివాను. ఎనిమిది వచనాలే కదా. మనల్ని కాపాడేవాడు కునకడు అన్న దగ్గర అత్తయ్యగారు "అయితే మనం పడుకోవచ్చు" అని లైటు తీసేసింది.

ఇప్పుడు వాళ్లకు రోజూ చదవాలంటే ఏ భాగం మొదలుపెట్టాలి?

సాలూరు మరియ బిడ్డ

దేవునికి స్తోత్రం! రూతు గ్రంథం అక్కా. నాలుగు అధ్యాయాలే. అత్తాకోడళ్లు, కరువు, కోతలు, కళ్లం. రైతు ఇంట్లో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ కథలో పెద్ద అద్భుతాలు జరగవు, ఆకాశం నుంచి స్వరం వినిపించదు. పరిగె ఏరుకోవడానికి వెళ్లిన కోడలు సాయంత్రం గింజలతో ఇంటికొస్తుంది, అత్త ఎక్కడ ఏరుకున్నావని అడుగుతుంది. చివర్లో ఊరి ఆడవాళ్లు అత్తతో నీ కోడలు ఏడుగురు కొడుకులకన్నా ఎక్కువంటారు. మీ అత్తయ్యగారు ఆ మాట వినాలి.

మందస యూత్

అందరి పోస్టులూ రెండేసిసార్లు చదివాను. ఏకాంత ప్రార్థన గురించి నేను అన్నదాని మీదే ఉన్నాను, మాస్టారు దాన్ని ఇంకా బాగా చెప్పారు. అయితే బొబ్బిలి అక్క అడిగిన ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉండాలి కదా, ఆ అరగంట ఎక్కణ్ణుంచి అని.

మా యూత్‌లో మాట్లాడుకున్నాం. మందస నుంచి పలాస ఎంతో దూరం కాదు. సిస్టర్‌కి ఇష్టమైతే వారంలో ఒక రోజు మామయ్యగారితో ఆసుపత్రికి మాలో ఒకరం వెళ్తాం, ఆ నాలుగు గంటలూ పక్కనే ఉంటాం. ఆ రోజు సిస్టర్ ఇంట్లో ప్రార్థన చేసుకుంటారో నిద్రపోతారో మేం అడగం. వచ్చే శుక్రవారం నేనే వస్తాను.

ఉద్దానం కోడలు

తమ్ముడూ, అత్తయ్యగారిని అడిగాను, రమ్మంది. మావారు కూడా మీ అయ్యగారితో ఫోన్లో మాట్లాడతానన్నారు.

కొన్ని సంగతులు గుర్తుపెట్టుకో. ఆటో మా వీధిలోనే ఉంటుంది, పొద్దున్న ఐదింటికి బయల్దేరాలి. ఆయన ఎడమ చేతికి ఫిస్టులా ఉంది, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం. ఎక్కించేటప్పుడు ఆ చెయ్యి పట్టుకోకు, బీపీ కూడా ఆ చేతికి చూడనివ్వకు, బరువేదీ ఆ చేతికి ఇవ్వకు. మిషన్ మీద ఉండగా చలి వేస్తుంది, దుప్పటి సంచిలో పెడతాను. మూడో గంటలో పిక్కలు పట్టేస్తే వెంటనే నర్సును పిలువు. ఆయన తనంతట తాను చెప్పరు. కుడి చెవి సరిగ్గా వినపడదు, ఎడమ పక్కన కూర్చో. తోట సంగతి అడిగితే నాలుగు గంటలూ మాట్లాడతారు.